ఒలింపియాలో బీరు తిరునాళ్లు

గురువారం: రైలు కమానుల కింద

2023లో లండన్ ఒలింపియా హాల్లో గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్ ఆగస్టు 1 మంగళవారం మొదలై 5వ తేదీ శనివారం దాకా జరిగింది. మేం శుక్రవారానికి టికెట్లు తీసుకున్నాం. శనివారమైతే మంచి పీపాలు ఖాళీ అయిపోతాయని, గురువారమైతే ఆనవాయితీగా టోపీల రోజు కాబట్టి జనం వింత వింత టోపీలు పెట్టుకొచ్చి ఫొటోలతోనే పొద్దు పుచ్చుతారని బందరు లెక్క తేల్చాడు. వాడి లెక్కలెప్పుడూ వినడానికి బాగుంటాయి.

బందరు అంటే మనిషే. ఇంజినీరింగ్ రోజుల నుంచీ మా గుంపులో ఊళ్ల పేర్లే మనుషుల పేర్లు. బందరు క్రాయిడన్‌లో ఉంటాడు, బీరు మీద దొరికిందల్లా చదువుతాడు, అందులో సగం కలిపి చెబుతాడు. తెనాలి రెడింగ్‌లో ఉద్యోగం చేస్తుంది, పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కరీంనగర్ చుక్క తాగడు. అయినా పిలిస్తే కాదనడు, కారు తెస్తాడు, అందర్నీ ఇళ్ల దగ్గర దింపి పోతాడు. నేను లీడ్స్ నుంచి రైల్లో వచ్చాను. ఉత్తరాది బీరు మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

లండన్ బ్రిడ్జి స్టేషన్ దగ్గర కలుసుకుని సదర్క్ వీధి మీదుగా ఓ చుట్టు తిరిగాం. అక్కడ 1867లో కట్టిన హాప్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. కెంట్ జిల్లా తోటల్లో పండిన హాప్స్ మూటలు ఒకప్పుడు ఇక్కడికొచ్చి అమ్ముడయ్యేవి. బీరుకి ఆ చేదూ వాసనా ఇచ్చే పువ్వులివే. ఇప్పుడు లోపల ఆఫీసులు. గేటు మీద, స్తంభాల పైన చెక్కిన హాప్ తీగలు చూసి ఫొటోలు తీసుకుని బెర్మండ్‌సీ దారి పట్టాం.

బెర్మండ్‌సీలో చూడాల్సింది తల పైకెత్తి చూడాలి. 1836లో గ్రీనిచ్‌కి రైలు వేసినప్పుడు పట్టాలు నేల మీద వేయకుండా ఇటుక కమానుల మీద ఎత్తుగా వేశారు. మొత్తం 878 కమానులు. వాటి కింద గోడౌన్లు, మెకానిక్ షెడ్లు ఉండేవి. 2009లో కెర్నల్ అనే చిన్న బ్రూవరీ ఇలాంటి ఓ కమాను కింద బీరు కాచడం మొదలుపెట్టింది. తర్వాత ఒక్కొక్కరే చేరి ఆ వరసంతా బీరు వీధి చేసేశారు. పైన రైలు వెళితే బల్ల మీద గ్లాసులు సన్నగా వణుకుతాయి.

ఇక్కడంతా కుర్రకారు. గోడ మీద సుద్దతో రాసిన పేర్లలో అడుగడుగునా ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. మబ్బు పట్టిన పసుపు రంగు బీరు తెచ్చుకుంటే మామిడిపండు వాసన గుప్పుమంది. అది అమెరికన్ హాప్స్ మహిమ, అందులో పండు ఉండదు. చల్లగా, గ్యాసు పట్టించి, ఉక్కు కెగ్గుల్లోంచి పోస్తారు. మొదటి గుక్క అదిరిపోతుంది, మూడో గుక్కకి నాలుక మొద్దుబారుతుంది. నాకు కెర్నల్ వాళ్ల టేబుల్ బీరు నచ్చింది. మూడు శాతం దగ్గర ఆల్కహాలు, అయినా నీళ్లలా ఉండదు.

ఇండియా పేల్ ఏల్ అన్న మాట కనబడగానే బందరు అందుకున్నాడు. "ఇంగ్లీషోడు 1611లో మొదటిసారి కొట్టు పెట్టింది మా ఊళ్లో. ఇండియా బీరంటే మా బందరు బీరేరా."

కొట్టు మాట నిజం. ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆ ఏడాదే మచిలీపట్నంలో దిగారు. బీరు కథ మాత్రం దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాతది. థేమ్స్‌కి అవతల బో అనే పేటలో హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది. కంపెనీ ఓడలు బయల్దేరే బ్లాక్‌వాల్ రేవు అక్కడికి దగ్గర. హాడ్జ్‌సన్ ఓడ కెప్టెన్లకి ఏడాదిన్నర దాకా అరువిచ్చేవాడు, అందుకే వాళ్లు అతని దగ్గరే కొనేవాళ్లు. హాప్స్ దండిగా వేసిన అతని బీరు నెలల తరబడి ఓడ గర్భంలో ఊగుతూ, భూమధ్యరేఖ దాటుతూ మద్రాసుకీ కలకత్తాకీ చేరేసరికి చెడిపోకపోగా బాగా ముదిరి దిగేది. ఇండియా కోసమే ఎవరో కొత్తగా కనిపెట్టిన బీరు అని చాలామంది చెబుతారు గానీ, అంతకుముందు ఇంగ్లండులో నిల్వకి కాచుకునే బీరే ఈ ప్రయాణానికి పనికొచ్చింది. 1820లలో బర్టన్ ఊరి ఆల్‌సాప్ పోటీకి దిగాడు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, ఆ నీళ్లకి హాప్స్ చేదు శుభ్రంగా తేలుతుంది. దాంతో హాడ్జ్‌సన్ వ్యాపారం వెనకబడింది.

"మరి మద్రాసు దాకా వచ్చిన పీపా బందరుకి రాదేంటి?" అన్నాడు వాడు. తగ్గడు.

శుక్రవారం: పీపాల మధ్య

ఒలింపియా 1886లో కట్టిన హాలు. పైన ఇనుప చట్రం మీద గాజు కప్పు. కెన్సింగ్టన్ ఒలింపియా స్టేషన్‌లో దిగితే ఎదురుగానే. పన్నెండింటికి తలుపులు తీశారు. అప్పటికే పెద్ద క్యూ ఉంది. మా ముందున్న పెద్దాయన చొక్కాకి పాత పండగల బ్యాడ్జీలు ఎన్ని గుచ్చుకున్నాడంటే అసలు గుడ్డ రంగేంటో తెలియలేదు.

లోపలికి వెళ్లగానే గ్లాసు తీసుకోవాలి. కాస్త డబ్బు కడితే ఇచ్చారు, పోయేటప్పుడు తిరిగిస్తే ఆ డబ్బు వాపసు. గ్లాసు మీద మూడు గీతలు ఉంటాయి: పైంటు, సగం, మూడో వంతు. మూడో వంతంటే 189 మిల్లీలీటర్లు. ఈ పండగలో తెలివిగా తిరగాలంటే ఆ కింది గీతే దిక్కు. పైంట్లు పట్టించిన వాళ్లు మూడింటికల్లా గోడకి ఆనుకుని కూలబడ్డారు.

ఈ పండగ చేసేది కామ్రా అనే సంఘం. 1971లో ఉత్తర ఇంగ్లండుకి చెందిన నలుగురు కుర్రాళ్లు సెలవులకి ఐర్లండ్ వెళ్లి, కెర్రీ తీరంలోని ఒక పబ్బులో కూర్చుని పెట్టారట. అప్పట్లో పెద్ద కంపెనీలు పీపా బీరుని తొలగించి, వడకట్టి వేడిచేసి గ్యాసు ఎక్కించిన కెగ్గు బీరుని ఊరూరా నింపేస్తున్నాయి. దానికి వ్యతిరేకంగా మొదలైన ఉద్యమం ఇది. మొదటి గ్రేట్ బ్రిటిష్ ఫెస్టివల్ 1977లో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో పెట్టారు. 1980లో ఆ ప్యాలెస్ తగలబడితే, ఆపకుండా బయట డేరాలు వేసి కానిచ్చేశారు. మేం వెళ్లినప్పుడు కూడా బీరు పోసేవాళ్లందరూ జీతం లేని కార్యకర్తలే. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి రోజంతా నిలబడతారు. ఇంత పెద్ద హాలు ఇలా నడవడం చూస్తే నాకు ముచ్చటేసింది. మన ఊళ్లలో పండగల పందిళ్లు కూడా ఇలాగే నడుస్తాయిగా, అక్కడ మాత్రం బీరు చాటుగా ఉంటుంది.

మొదటి గ్లాసు తెనాలి తెచ్చుకుంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "వెచ్చగా ఉందేంటి?" అంది.

మన దేశం నుంచి వచ్చిన ప్రతివాడూ అనే మాటే. ఐసులో ముంచి, సీసా మీద చెమట పడితే గానీ బీరని నమ్మని వాళ్లం. నిజానికి ఇది వెచ్చన కాదు, పదకొండు నుంచి పదమూడు డిగ్రీలు, నేలమాళిగ చల్లదనం. మరీ చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి మూసుకుపోతుంది. తెనాలి ఇంకో గుక్క తాగి, "రస్కు వాసన వస్తోంది" అని, ఆ పైన ఫిర్యాదు చేయలేదు.

ఓ బార్ వెనక ఎర్ర టీషర్టు ఆవిడ ఖాళీగా కనబడితే పీపా చూపించమన్నాం. సంతోషంగా పిలిచింది. దగ్గర నుంచి చూడటం నాకూ అదే మొదలు. పీపా అడ్డంగా పడుకుని ఉంటుంది, మీద చల్లబరిచే దుప్పటి. చిన్న పీపాలో తొమ్మిది గ్యాలన్లు, అంటే డెబ్బై రెండు పైంట్లు. పొట్ట పైభాగంలో చెక్క బిరడా, దాని మధ్యలో చూపుడువేలంత మేకు. బీరు బ్రూవరీలో సగమే తయారవుతుంది. లోపల ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పీపాలోకొచ్చాక కూడా పులుస్తూ గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసు పోవడానికి ముందు వెదురు మేకు గుచ్చుతారు. వెదురు నారల సందుల్లోంచి తెల్లటి నురగ బుడబుడమంటూ పొంగుతుంది. అది తుడుస్తూ, ఎంతసేపటికి మళ్లీ పొంగుతోందో కనిపెట్టుకుని ఉండాలి. పొంగు నెమ్మదించాక గట్టి చెక్క మేకు పెట్టి బిగిస్తారు. మడ్డి కిందికి దిగేదాకా కదపకూడదు. ఆ తర్వాతే ముందు వైపు రంధ్రంలోకి సుత్తితో కొళాయి కొడతారు. దెబ్బ గురి తప్పితే బీరంతా మీదే. పీపా ఒకసారి తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడైపోవాలి, లేకపోతే గాలి తగిలి పుల్లబడుతుంది.

కరీంనగర్ అంతా విని, మేకు మీద నురగ వేలితో తీసి వాసన చూశాడు. "గిది మన కల్లు లెక్కనే ఉన్నది కదరా. పొద్దుగాల దింపింది పొద్దుగూకేటాల్లకు పులుస్తది. మా ఊర్ల గౌడన్న లొట్టి కడిగేది సూడాలె, గా కడుగుడుల్నే ఉంటది అంతా." ఆవిడకి ఇంగ్లీషులో చెబితే, లొట్టి అంటే ఎంత ఉంటుంది, చెట్టు ఎలా ఎక్కుతారు అని పది ప్రశ్నలు అడిగింది. తాగనివాడే ఆ రోజు అక్కడ బీరు గురించి అందరికన్నా సరైన మాట చెప్పాడు. ఒకే బ్రూవరీ బీరు ఒక పబ్బులో అమృతంలా, పక్క వీధిలో చప్పగా ఉండటానికి కారణం ఇదే. కాచినవాడు ఎంత గొప్పవాడైనా నేలమాళిగలో చూసుకునేవాడి చేతి పని సరిగా లేకపోతే అంతా వృథా.

అప్పుడే తెనాలికి ఇంకో సంగతి తెలిసింది. మడ్డి త్వరగా దిగడానికి పీపాలో ఐసిన్‌గ్లాస్ అనే పదార్థం కలుపుతారు. అది చేపల గాలితిత్తి నుంచి తీస్తారు. గ్లాసులోకి మిగిలి రాదనీ, మడ్డితో పాటే అడుగున ఉండిపోతుందనీ ఆవిడ నచ్చజెప్పబోయింది. తెనాలి గ్లాసు బందరు చేతిలో పెట్టేసింది. వాడు మారుమాట్లాడకుండా తాగేశాడు. గిన్నెస్ లాంటి కంపెనీయే ఆ చేప సరుకు మానేసి ఏళ్లయింది, ఈ చిన్న బ్రూవరీలకేం వచ్చిందో. అయితే అది కలపని బీర్లు కూడా ఉన్నాయి, అడిగితే చూపిస్తారు. కొంచెం మబ్బుగా ఉంటాయి, అంతే. ఆపిల్ సైడరూ, బేరిపళ్లతో చేసే పెరీ వేరే బార్లో. ఆ మధ్యాహ్నమంతా తెనాలి పెరీ దగ్గరే మకాం. నాకూ ఓ గుక్క ఇచ్చింది. తియ్యగా మొదలై చివర్లో వగరుగా ఆగింది. నేననుకున్న దానికన్నా చాలా మంచి సరుకు.

నా వెతుకులాట వేరు. ఆ మంగళవారమే ఇక్కడ ఆ ఏడాది బ్రిటన్ చాంపియన్ బీరు ప్రకటించారు: ఎలాండ్ బ్రూవరీ వాళ్ల 1872 పోర్టర్ అనే నల్ల బీరు. ఎలాండ్ మా యార్క్‌షైర్‌లోదే, హాలిఫాక్స్ పక్క ఊరు. 2013లోనూ ఇదే గెలిచింది. బోర్డు మీద పేరు కొట్టేసి ఉంటుందేమోనని భయపడుతూ వెళ్లాను. ఇంకా ఉంది, క్యూ కూడా ఉంది. మూడో వంతు పోయించుకుని కిటికీ వైపు వెలుతురులోకి పట్టి చూశాను. నలుపే గానీ అంచున కెంపు రంగు. ముక్కు దగ్గర మాడిన గింజ వాసన, నోట్లో కాఫీ, చేదు చాక్లెట్టు, గొంతులో దిగాక ఏదో పొగ. 6.5 శాతం. కుండపోతగా తాగేది కాదు. పోర్టర్ అన్న పేరే ఈ లండన్‌లో మూటలు మోసే కూలీల నుంచి వచ్చింది, పద్దెనిమిదో శతాబ్దంలో వాళ్ల దాహం తీర్చిన బీరు. ఇప్పుడు దాని కిరీటం యార్క్‌షైర్ ఎత్తుకుపోయిందని బందరుతో రెండు మూడు సార్లు అన్నాను.

వాడు ఊరుకుంటాడా, నురగ మీద పడ్డాడు. ఉత్తరాదిలో పంపు మూతికి సన్నటి చిల్లుల బిళ్ల ఒకటి బిగిస్తారు, స్పార్క్‌లర్ అంటారు. దాంతో గ్లాసు మీద మీగడలాంటి నురగ మందంగా నిలుస్తుంది. దక్షిణాది వాళ్లు దాన్ని చూస్తే మండిపడతారు, నురగ పేరుతో బీరు తగ్గిస్తున్నారని, హాప్స్ వాసన కొట్టేస్తోందని. బందరు క్రాయిడన్‌లో ఉన్నాడు గనక వాడిది దక్షిణ పక్షం. ఈ తగువు పెసరట్టులో ఉప్మా ఉండాలా వద్దా అన్నంత పాతది, తేలదు.

బీరు ధర మీద కూడా అక్కడ పెద్ద చర్చే నడుస్తోంది. సరిగ్గా ఆగస్టు 1నే దేశంలో మద్యం పన్నుల పద్ధతి మారింది: ఆల్కహాలు శాతాన్ని బట్టి పన్ను. పబ్బులో పీపా నుంచి పోసే బీరుకి కొంచెం రాయితీ ఇచ్చారు. ఆ రోజే అప్పటి ప్రధాని రిషి సునాక్ ఈ హాలుకి వచ్చి పంపు లాగి ఓ పైంటు పోశాడు. ఆయన మద్యం ముట్టడు. పన్ను పెంచిన రోజే బీరు పోస్తున్నారేంటని ఒక పబ్బు యజమాని మొహం మీదే అరిచాడు, టీవీల్లో అదే వచ్చింది. "అయినా తాగనోడు పోస్తే తప్పేంది? పొద్దుందాంక మీకు పోసేది నేనే కద" అన్నాడు కరీంనగర్.

వాడు పొద్దంతా ఏం చేశాడంటే, తిన్నాడు. మాంసం కూరి కాల్చిన 'పై' అనే రొట్టె, మసాలా పెట్టి వేయించిన పంది తోలు ముక్కలు, జున్ను, మళ్లీ ఇంకో 'పై'. తర్వాత మూలనున్న ఆటల దగ్గరికి చేరాడు. బల్ల మీద తొమ్మిది చెక్క బొమ్మలు నిలబెట్టి గొలుసుకు వేలాడే బంతితో పడగొట్టాలి. చుట్టూ అందరి చేతులూ వణుకుతున్న వేళ వాడొక్కడి గురి సూటిగా ఉంది. వరసపెట్టి గెలుస్తుంటే ఇద్దరు ముసలాళ్లు వాణ్ని కౌగిలించుకుని, ఏం తాగుతావు చెప్పు మేం కొంటామన్నారు. నిమ్మ సోడా అన్నాడు. వాళ్లకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

సాయంత్రం అయ్యేకొద్దీ హాలు హోరెత్తింది. ఎక్కడో ఒక గ్లాసు చేజారి భళ్లుమంటే వేలమంది ఒక్కసారిగా "ఓయ్!" అని కేకేస్తారు. పగలగొట్టినవాడు వంగి దండం పెట్టాలి. బోర్డుల మీద పేర్లు ఒక్కొక్కటే కొట్టివేతలు పడుతున్నాయి. మా గ్లాసులు తిరిగిచ్చి డబ్బు తీసుకున్నాం, బందరు తప్ప. వాడు గుర్తుగా ఇంటికి పట్టుకెళతానన్నాడు. వాళ్లింట్లో ఆ గుర్తులకి ఓ బీరువా ఉంది.

శనివారం: చిజిక్‌లో వాన

ఆంటొనీ అనే తుపాను వచ్చి పడింది. పడమటి తీరాన్ని బాగా కొట్టిందట, మాకు లండన్‌లో వానా గాలీ. నది ఒడ్డున హామర్‌స్మిత్ నుంచి చిజిక్ దాకా నడవాలనుకున్న పథకం అటకెక్కి, కరీంనగర్ కారులోనే వెళ్లాం.

చిజిక్‌లోని గ్రిఫిన్ బ్రూవరీలో ఫుల్లర్స్ బీరు కాస్తారు. ఆ స్థలంలో బీరు కాచడం మూడు వందల యాభై ఏళ్ల నాటిది. ఫుల్లర్, స్మిత్, టర్నర్ భాగస్వాములైంది 1845లో. గోడ నిండా పాకిన విస్టీరియా తీగ 1816లో చైనా నుంచి తెచ్చి నాటిందట. ఆగస్టులో పూలుండవు, ఆకులే. 2019లో బీరు వ్యాపారాన్ని జపాన్ అసాహీకి అమ్మేశారు, పబ్బులు మాత్రం ఫుల్లర్స్ దగ్గరే ఉన్నాయి. కామ్రా వాళ్ల చాంపియన్ పట్టం మూడుసార్లు గెలిచిన ఈఎస్‌బీ (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్) అనే బీరు ఇక్కడిదే.

ఎదురు పబ్బులో తడి కోట్లు కుర్చీలకి తగిలించి ఫుల్లర్స్ వాళ్ల లండన్ ప్రైడ్ బీరు తెప్పించుకున్నాం. 4.1 శాతం, రాగి రంగు, నురగ పలచగా. ఇక్కడ చూసుకునేవాడెవరో మంచి పనివాడు. నిన్నటి హడావిడిలో తాగినవాటిలో సగం దీని ముందు నిలవవని నాకనిపించింది. పండగలో రుచి చూడటమే గానీ కూర్చుని తాగడం కుదరదు. తెనాలి తన ఫోన్లో వెతికి, ఇందులో చేప సరుకు సంగతేంటో పబ్బు కుర్రాణ్ని అడిగొచ్చి, టీ తెచ్చుకుంది.

సాయంత్రం నన్ను కింగ్స్ క్రాస్‌లో దింపారు. వచ్చే ఏడు కూడా ఇదే శుక్రవారం అని కారు అద్దంలోంచి బందరు అరిచాడు. 2024లో పండగ జరగలేదు. 2025లో దాన్ని లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌లోని ఎన్ఈసీ అనే ఎగ్జిబిషన్ హాళ్లకి మార్చారు. ఆ వార్త చదవగానే గుంపులో పెట్టాను, లీడ్స్ నుంచి నాకు దగ్గరే కదా అని. స్పార్క్‌లర్ల రాజ్యానికి సగం దూరం వెళ్లిపోయిందిరా పండగ అని బందరు జవాబిచ్చాడు. కరీంనగర్ మాత్రం అక్కడ కారు పార్కింగ్ ఎంతో కనుక్కోమన్నాడు.